పరదాలావిడ ఎర్ర కారు

పరదాలావిడ పొద్దున్నే కాఫీ కూడా ముట్టకుండా ముందు కారుని లేపేది. తాళం తిప్పగానే లేచే రకం కాదది. చోక్ లాగాలి, పెట్రోలు గొంతు దిగేదాకా ఓపిక పట్టాలి, యాక్సిలరేటర్ మెత్తగా అదమాలి. ఒక్క పిసరు ఎక్కువ అదిమితే అలిగి కూర్చుంటుంది. అన్నీ కుదిరితే ఖళ్ళు ఖళ్ళున దగ్గి, వీధిలో పావురాలన్నీ ఆకాశానికి ఎగిరేంత గట్టిగా గొంతు సవరించుకుని, కడుపు నిండిన పిల్లిలా గురగురమంటూ సర్దుకునేది. ఆ చప్పుడు విని ఎదురింటివాళ్ళు గోడ గడియారం సరిచేసుకునేవారు.

రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. ముక్కు ఎంత పొడుగంటే, అది కూడలి చేరి ఎడమకి తిరిగాక కూడా తోక ఇంకా ఇంటి గుమ్మం దగ్గరే ఉండేది. ఎత్తు ఎంత తక్కువంటే, వీధి కుక్కలు కిటికీలోకి తలవంచి చూసేవి. కొన్న కొత్తలో పండుమిరప రంగు, ఇప్పుడు ఎండుమిరప రంగు. దీపాలకి రెప్పలుండేవి. మీట నొక్కితే కుడిది ఠక్కున తెరుచుకునేది, ఎడమది తీరిగ్గా. దాంతో ఎదురొచ్చే ప్రతివాడూ ఆ కారు తనకి కన్ను కొట్టిందనుకునేవాడు. ఆ కన్ను మూలంగా పరదాలావిడ పడ్డ తగాదాలు చెప్పుకుంటే తెల్లారిపోతుంది.

ఆవిడ పని ఇళ్ళకి పరదాలు కుట్టి, తీసుకెళ్ళి తగిలించడం. పరదాల కడ్డీలు ఆ కారులో పట్టేవి కావు. కిటికీలోంచి బయటికి పొడుచుకుని, పక్కన వెళ్ళేవాళ్ళ టోపీలు ఎత్తుకొచ్చేవి. "ఒక వ్యాను కొనుక్కోరాదూ?" అనేవాళ్ళు అందరూ. "వ్యానులో రెండో గేరు ఇలా లాగుతుందా?" అని అడిగేది ఆవిడ. వంతెన కింద నుంచి వెళ్ళేటప్పుడు అద్దాలు దించి, రెండో గేరులో ఒక్కసారి గట్టిగా లాగించేది. ఆ గర్జన గోడలకి తగిలి వెనక్కి వచ్చినప్పుడు ఆవిడ వయసు ఇరవయ్యేళ్ళు రాలిపోయేది. వంతెన దాటాక మళ్ళీ అతుక్కునేది, అది వేరే సంగతి.

మొగుడికి ఆ కారెక్కితే కళ్ళు తిరిగేవి. అందుకని పక్క సీటు అత్తగారిది. ఆ సీట్లో కూర్చోవడమంటే బావిలోకి దిగడమే. అత్తగారు ముందు నడుముని దించి, తర్వాత కాళ్ళని లోపలికి లాక్కుని, చివరికి నోరు తెరిచేది. ఆ నోరు మళ్ళీ ఇల్లు చేరాకే మూతపడేది. ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని ఆ సీట్లో అచ్చం ఆవిడ ఆకారంలో ఒక గుంట పడింది.

ఇక ఆ కారుకి ఊడిన సామాను మళ్ళీ మొలిచేది. కిందటి వానల్లో నీళ్ళ లారీ ఒకటి రాసుకుపోయి పక్క అద్దం ఊడిపోతే, కొన్నాళ్ళకి ఆ చోట బఠాణీ గింజంత మొటిమ లేచింది. అది నిమ్మకాయంత అయింది, తర్వాత అద్దమే అయింది. 

పక్కింటావిడ గోడ మీంచి చూసి, "అద్దం వస్తోందా అమ్మా? ఇంజను కాస్త వెచ్చబడుతుంది, నీళ్ళు చూసుకుంటూ ఉండు" అంది. 

మెకానిక్ మేస్త్రీ, "గిల్లకండి, వంకరగా వస్తుంది" అన్నాడు. 

ఆ మాట అక్కడితో అయిపోయింది. ఒకటే లోటు. మొలిచిన సామాను మీద ఫ్యాక్టరీ ముద్ర ఉండేది కాదు. ముద్ర మొలవదు కదా.

ఆ ఊళ్ళో పాత కార్లవాళ్ళకి ఒక సంఘం ఉంది. దానికి అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. సన్నటి వేళ్ళు, తెల్లటి నవ్వు, నొప్పి తెలీకుండా పీకుతాడని పేరు. ఆయనకీ అచ్చంగా ఇలాంటి ఎర్ర కారే ఉంది. ఊరు మొత్తం మీద ఆ రకం కార్లు ఆ రెండే. కాకపోతే ఆయనది ఎక్కడో గుద్దుకుని, ఎవరో పారేస్తే తెచ్చుకున్నది. పైన రంగు నిగనిగలాడేది గానీ లోపలంతా తుప్పు.

సంఘంలో ఒక ఆచారం ఉండేది. ఆదివారం అందరూ తాళాలు ఒక టోపీలో వేసి, చేతికొచ్చిన తాళం తీసుకుని ఒకరి బండి ఒకరు చెరువు దాకా తోలేవారు. అక్కడ భోజనాలు చేసి తిరిగొచ్చేవారు. పరదాలావిడ తాళం ఎప్పుడూ డాక్టరు వేళ్ళకే తగిలేది. పన్ను వేరు తడిమి చూసే వేళ్ళకి తాళం తడమడం ఎంత పని! అందరూ చెట్టు కింద తింటూ ఉంటే ఆయన మాత్రం, "కాస్త బండి చూసొస్తాను" అంటూ వెళ్ళేవాడు.

మొదట గేరు రాడ్ ఊడి ఎక్కడో పడిపోయింది. బండికి వయసైపోయింది పాపం అనుకుంది పరదాలావిడ. కొత్తది మొలిచింది. తర్వాత ఇంజనుకి పెట్రోలు అందించే కార్బ్యురేటర్లు. తర్వాత పెడళ్ళు. ఆ వారమంతా మల్లెమొగ్గలంత పెడళ్ళ మీద కాలి బొటనవేలు ఆనించి, పట్నం మొత్తానికీ పరదాలు చేరవేసింది మహాతల్లి. అప్పుడు కూడా ఎవరి మీదా అనుమానం రాలేదు ఆవిడకి. ముసలితనం అనుకుంది, అంతే.

ఒక ఆదివారం చెరువు నుంచి వచ్చాక అత్తగారు ఎప్పటిలా నడుము దించి, కాళ్ళు లాక్కుని, నోరు తెరవలేదు. పరదాలావిడ హడలిపోయింది.

"ఏమైంది అత్తయ్యా? గుండెల్లో నొప్పా?"

"ఇది నా గుంట కాదు" అంది అత్తగారు.

"ఏమిటీ?"

"నా నడుము నాకు తెలీదా అమ్మాయ్? నా గుంట కుడివైపు ఒక బెత్తెడు లోతు. ఇందులో కూర్చుంటే కొత్త కోడలిలా ఉంది నాకు. ఎవరో సీటు మార్చేశారు."

దిగి చూస్తే బోల్టుల మీద కొత్త గీతలు. స్టీరింగ్ పట్టుకుని ఊపితే అదీ ఊడొచ్చింది. రంగు వేసిన నాసిరకం చెక్క. పరదాలావిడ తిన్నగా వెళ్ళి డాక్టరు కారు కిటికీలోకి చూసింది. పక్క సీట్లో అత్తగారి గుంట, ముత్యాల పెట్టెలో ముత్యం గుర్తులా, దర్జాగా కూర్చుని ఉంది.

"డాక్టర్ గారూ, ఆ సీటు మాది" అంది.

ఆయన తెల్లగా నవ్వాడు. "సీటు మీద పేరు రాసుందా అమ్మా?"

"మా అత్తగారి నడుముంది."

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక డాక్టరు మెల్లిగా దగ్గరికొచ్చి, ఆవిడకి మాత్రమే వినపడేట్టు అన్నాడు. "మీ బండికి మళ్ళీ మొలుస్తాయి కదా. మీకు పోయిందేమిటి? నాకైతే మొలవవు."

స్టీరింగూ సీటూ కూడా మళ్ళీ మొలిచాయి. పోయిందేమిటో ఏడాది తనిఖీ రోజున తెలిసింది. ఆ ఊళ్ళో వయసు మీరిన ప్రతి బండీ తుక్కు యార్డుకి పోవాల్సిందే. 'ఇది అసలు సిసలు పాతబండి' అని సంఘం అధ్యక్షుడు చెబితేనే దానికి ప్రాణభిక్ష. డాక్టరు పళ్ళు చూసే చిన్న అద్దం పెట్టి ఎర్ర కారు లోపలంతా చూశాడు. స్టీరింగ్ చూశాడు, పెడళ్ళు చూశాడు, బానెట్ ఎత్తి చూశాడు.

"ఫ్యాక్టరీ ముద్ర ఒక్కదాని మీదా లేదే" అన్నాడు, సొంత తమ్ముడు పోయినంత బాధగా. "నేను చెప్పలేనమ్మా. ఈ బండి అసలుది కాదు."

"మీరే..." అనబోయింది ఆవిడ.

"నియమం నియమమే. పరాయి సామాను పెట్టుకున్నదీ, ముద్ర లేనిదీ అసలు బండి కాదు. నేను ఏటా గొంతు చించుకుని చదువుతాను కదా. ఆదివారం తుక్కు యార్డులో అప్పగించండి."

ఆవిడ కారు నలిగిపోతే ఊళ్ళో ఆ రకం కారు ఒక్కటే మిగులుతుంది. అది ఎవరిదో చెప్పనక్కర్లేదు.

ఆ రాత్రి నుంచి పరదాలావిడ కుట్టుమిషను మీద కుట్టింది పరదాలు కాదు, డాక్టరు ముఖం. సూది దిగిన ప్రతిసారీ పళ్ళు కొరికేది. ఆ వారం తగిలించిన పరదాలు అంత కసిగా కుట్టినవి కాబట్టి, ఆ ఇళ్ళలోకి ఎండ కాదు కదా, దోమ కూడా దూరలేదు. 

అత్తగారు అగ్గికి ఆజ్యం పోస్తూ కూర్చుంది. "వాడి పళ్ళన్నీ వాడిచేతే పీకించాలి అమ్మాయ్. ఒక్కొక్కటీ. మత్తు ఇవ్వకుండా."

"ఎలా అత్తయ్యా?"

"ఎలాగో నాకేం తెలుసు? నా పని తిట్టడం. ఆలోచించడం నీ పని."

దారి అత్తగారి చెయ్యే చూపించింది. డాక్టరు ఆసుపత్రికి ఎదురు మేడలో పరదాలు తగిలించే పని పడింది. ఆపితే మళ్ళీ లేవదని కారు ఇంజను ఆపకుండా, అత్తగారిని కాపలా కూర్చోబెట్టి పరదాలావిడ మేడెక్కింది. ఆసుపత్రి ముందు డాక్టరు కారు తళతళలాడుతూ ఉంది. కొత్తగా మెరుగులు దిద్ది, అందరూ చూడాలని అక్కడ నిలబెట్టాడు, రోడ్డెక్కించలేదు. దాన్ని చూసేసరికి అత్తగారికి ఒళ్ళు మండి, ఎవర్నో తిడుతున్నట్టు హారన్ మీద గుద్దింది.

రెండు హారన్లు మోగాయి.

అత్తగారు మళ్ళీ గుద్దింది. మళ్ళీ రెండు. స్టీరింగ్ ఇటు తిప్పింది. ఎదురుగా డాక్టరు కారు చక్రాలు ఇటు తిరిగాయి. అటు తిప్పింది. అటు తిరిగాయి.

మేడ మీంచి పరదాలావిడ అంతా చూసింది. నోట్లో పెట్టుకున్న గుండుసూదుల్ని మింగేసేదే, కాస్తలో ఆగింది. మెట్లు దిగి వస్తూనే, "తల్లిని వదిలి పోలేదు అత్తయ్యా అవి!" అంది.

"ఎందుకు పోతాయి? ఒకే ఒళ్ళు కదా" అంది అత్తగారు, ఇందులో విచిత్రమేముందన్నట్టు. "తల్లి నిద్రలో ఉన్నప్పుడు పిల్లలు ఎవరెత్తుకున్నా పోతారు. తల్లి లేచి కూర్చుంటే ఇంకొకళ్ళ మాట వింటారా?"

ఆ పూట అత్తగారు పదేళ్ళకి సరిపడా ఆనందం అనుభవించింది. లోపల డాక్టరు ఎవరి నోట్లోనో చెయ్యి పెట్టినప్పుడల్లా బయట హారన్ మోగేది. ఆయన పటకారు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చి, కారు చుట్టూ తిరిగి, ఎవరూ లేరని లోపలికి వెళ్ళేవాడు. మళ్ళీ మోగేది. ఆ గందరగోళంలో ఒకతనికి నొప్పి ఉన్న పన్ను ఉండగా పక్కది పీకాడని, ఆ పక్కది కూడా పీకాడని, మొత్తం నోరే ఖాళీ చేశాడని ఊరంతా చెప్పుకున్నారు. 

ఇంకో ముచ్చట కూడా ఉంది. అత్తగారు ఇక్కడ కూర్చుంటే అక్కడ పక్క సీటు ఆవిడ బరువుకి కుంగి, వెచ్చబడేది. డాక్టరు భార్య ఒకసారి చెయ్యి పెట్టి చూసి, "ఎవరండీ ఇందాకటిదాకా ఇందులో కూర్చున్న ఆడమనిషి?" అని అడిగిందట. ఆయన ఆ పూట అన్నం తినలేదట.

"ఇది చాలదు" అంది పరదాలావిడ.

మర్నాడు టేపు మెడలో వేసుకుని తుక్కు యార్డుకి వెళ్ళింది. గేటు నుంచి లోపలికి తిన్నటి బాట. ఎడమ చేతి వైపు ముందు వచ్చేది నలిపే యంత్రానికి ఎక్కే వాలు. ఇంకా ముందుకి పోతే, అదే వైపు ఖాళీ నేల. యంత్రం అంటే ఇనుప తొట్టి. ఇటూ అటూ ఇనుప గోడలు, పైన ఇనుప మూత. ఆవిడ వాలు మొదలు నుంచి ఖాళీ నేల మొదలు దాకా టేపు పరిచి కొలిచింది.

యంత్రం తిప్పేవాడు బీడీ ఆర్పి అడిగాడు. "ఇక్కడ కూడా పరదాలు కడతారా అమ్మా?"

"చివరి చూపు కదయ్యా. కొలతలు తప్పకూడదు."

వెళ్ళేటప్పుడు గేటు ముందు రోడ్డు మీద సుద్దముక్కతో రెండు గీతలు గీసింది. రెంటి మధ్యా సరిగ్గా అదే దూరం.

ఆదివారం సంఘమంతా యార్డు గేటు దగ్గర చేరింది. పాత కారుని సాగనంపడమంటే వాళ్ళలో రాతిగుండెవాళ్ళు కూడా చేతిరుమాళ్ళు తెచ్చుకుంటారు. డాక్టరు తన ఎర్ర కారులో వచ్చాడు. ఆయన వచ్చేదాకా పరదాలావిడ ఇంజను ఆపే ఉంచింది.

"నాదొక్క కోరిక డాక్టర్ గారూ" అంది చేతులు కట్టుకుని. "నా కారుని నేనే లోపలికి తీసుకెళ్తాను. వెనకే మీ కారు రావాలి. రెండూ ఒక కాన్పు పిల్లల్లాంటివి. తోడబుట్టినదాన్ని చివరిదాకా దిగబెట్టినట్టు ఉంటుంది."

డాక్టరుకి కన్నీళ్ళొచ్చాయి. తన మంచితనానికి తనకే వచ్చాయి. "తప్పకుండా అమ్మా" అన్నాడు.

"కాస్త ఆ గీత మీద ఆపండి. ఫోటోలో బాగుంటుంది."

ఆపాడు. ఈవిడ ముందు గీత మీద ఆపింది. అత్తగారు పక్కన దిగబడింది. పరదాలావిడ చోక్ లాగి, ఓపిక పట్టి, మెత్తగా అదిమింది. ఎర్ర కారు దగ్గింది, గొంతు సవరించుకుంది, లేచింది.

"కదలండి డాక్టర్ గారూ!" అని అరిచింది.

రెండు కార్లూ ఒకేసారి కదిలాయి. ఒకే వేగం, ఒకే ఎడం. "ఆహా, ఎంత అందంగా వస్తున్నాయి!" అన్నారు వెనకాల నడుస్తున్నవాళ్ళు. డాక్టరుకి అప్పుడే అనుమానం వచ్చింది, తను పెడలు తొక్కకుండానే అది దిగిపోతోందని. బ్రేకు మీద కాలేసి నిలబడ్డంత పని చేశాడు. గోడని తొక్కినట్టుంది.

ఖాళీ నేల మొదలు కంటికి ఆనగానే పరదాలావిడ స్టీరింగ్ ఎడమకి తిప్పింది. ఎర్ర కారు పచ్చగడ్డి మీదకి తిరిగింది. వెనక డాక్టరు చేతుల్లో స్టీరింగ్ బొటనవేళ్ళు విరిగేంత పని చేసి ఎడమకి తిరిగింది. ఆయన కారు వాలెక్కి, ఇనుప తొట్టిలో, ఒరలో కత్తిలా దిగి ఆగింది. ఇటు అంగుళం లేదు, అటు అంగుళం లేదు.

"దించండి! వెనక్కి తీయండి!" అని డాక్టరు కేకలు.

"నేనెక్కించానా బాబూ? మీరే తోలుకుంటూ వెళ్ళారు" అంది పరదాలావిడ, కారు దిగకుండానే.

యంత్రం తిప్పేవాడు మీట మీద చెయ్యేసి అడిగాడు. "నాకు ఒక ఎర్ర కారు నలపమని చెప్పారు. ఇదేనా? త్వరగా తేల్చండి, భోజనం చల్లారిపోతోంది."

"ఇది కాదు! ఇది అసలుది! ముద్రలు చూసుకో!" అన్నాడు డాక్టరు.

అప్పుడు పరదాలావిడ అందరి ఎదుటా స్టీరింగ్ ఇటు తిప్పింది, అటు తిప్పింది. తొట్టిలో స్టీరింగ్ ఇటు తిరిగింది, అటు తిరిగింది. అత్తగారు ఒకసారి లేచి కూర్చుంది. తొట్టిలో సీటు ఒకసారి లేచి కుంగింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. సంఘంలో అందరికంటే పెద్దాయన, రిటైరైన పోస్టు మాస్టారు, గడ్డం గోక్కుని, "ఇంకేముంది, ఒకే ఒళ్ళు" అన్నాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగి, "పరాయి సామాను పెట్టుకున్న బండి అసలు బండి కాదని తమరే ఏటా చదువుతారు కదండీ" అన్నాడు.

డాక్టరు తలుపు నెట్టి చూశాడు. తలుపులు ఇనుప గోడలకి తగిలి తెరుచుకోవు గానీ, వెనక అద్దం తలుపు ఎత్తితే హాయిగా బయటికి రావచ్చు. రమ్మని అందరూ పిలిచారు. రాలేదు. స్టీరింగ్‌ని కావలించుకుని కూర్చున్నాడు.

పరదాలావిడ నడుచుకుంటూ వచ్చి తొట్టి వెనకాల నిలబడింది. "నా సామాను విప్పి ఇవ్వండి డాక్టర్ గారూ. మీ చేత్తోనే."

డాక్టరు యంత్రం వైపు చూశాడు. మీట మీద చెయ్యి చూశాడు. తర్వాత స్పానరు తీశాడు. మొదట గేరు రాడ్. వెనక తలుపులోంచి అందించాడు. తర్వాత పెడళ్ళు. కారు పైకప్పు మీంచి పాకి, ముక్కు ఎత్తి ఇంజను లోంచి కార్బ్యురేటర్లు. సీటు. చివరికి స్టీరింగ్. అది విప్పేటప్పుడు ఆయన పెట్టిన మూలుగు విని, ఏనాడైనా ఆయన కుర్చీలో కూర్చున్నవాళ్ళంతా దవడలు పట్టుకున్నారు. మత్తు ఇవ్వలేదు మరి.

అన్నీ నేల మీద కుప్పగా పడ్డాయి. డాక్టరు వెనక తలుపులోంచి పాక్కుంటూ దిగి, ఆ కుప్ప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నా బండి పోతే పోనీ అమ్మా" అన్నాడు. ఈసారి ఆ మాటలో నటన లేదు. "వీటిని మాత్రం పాడుచెయ్యొద్దు. ముద్రలున్నవి ఊళ్ళో ఇవే. మీ కారుకి పెట్టుకోండి. కళ్ళారా చూసుకుంటాను, చాలు."

పరదాలావిడ ఆ కుప్ప వైపు చూసింది. గేరు రాడ్ మీద తన అరచేతి అరుగుదల ఇంకా ఉంది. ఒక్క క్షణం ఆ చెయ్యి ముందుకి వెళ్ళింది కూడా.

"నాకు మళ్ళీ మొలిచాయి కదా డాక్టర్ గారూ" అంది. "నాకు పోయిందేమిటి?"

ఒక్కొక్కటీ తీసి తొట్టిలోకి విసిరింది. సీటు ఎత్తడానికి అత్తగారు సాయం పట్టి, "కొత్త సీట్లో నా గుంట నాకు వచ్చేసింది, దీంతో నాకేం పని" అంది. యంత్రం మూత దిగింది. ఆ చప్పుడుకి గడ్డి మీద ఎర్ర కారు ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టి, ఆ వెంటనే ఏమీ పట్టనట్టు గురగురలాడింది.

మిగిలింది ముక్కాలి పీటంత ఎర్ర ఇనుప దిమ్మ. 

సంఘానికి పోస్టు మాస్టారు అధ్యక్షుడయ్యాడు. ఎర్ర కారుని అసలు సిసలు పాతబండి అని ఆయన మొదటి రోజే చెప్పేశాడు. డాక్టరు ఆ దిమ్మని బతిమాలి అడిగి తెచ్చుకుని, ఆసుపత్రి ముందు గదిలో పెట్టుకున్నాడు. లోపల ముద్రలున్నాయి కదా, పారేయడానికి చేతులు రావు. ఇక పొద్దున పరదాలావిడ చోక్ లాగిందంటే చాలు, ఆ దిమ్మ కడుపులోంచి హారన్ సన్నగా మూలుగుతుంది. ఆవిడ కదిలితే అది నేల మీద గీసుకుంటూ గుమ్మం వైపు జరుగుతుంది. నోళ్ళు తెరుచుకుని కూర్చున్నవాళ్ళంతా లేచి పారిపోతారు. డాక్టరు పీకడం మానుకున్నాడు. పొద్దస్తమానం ఆ దిమ్మని గుమ్మం దగ్గర్నుంచి లోపలికి నెట్టుకుంటూ ఉంటాడు. నెట్టి, తుడిచి, ఎదురుగా కూర్చుని చూసుకుంటాడు.

పరదాలావిడకి ఈ సంగతి తెలుసు. కడ్డీలు కిటికీలోంచి పొడుచుకుని, గుండ్రటి పెద్ద కూడలి దగ్గరికి రాగానే ఆవిడ కాలు యాక్సిలరేటర్ మీద దానంతటదే బిగుసుకుంటుంది. స్టీరింగ్ ఎడమకి పట్టి, రెండో గేరులో ఒక చుట్టు తిరుగుతుంది. అక్కడ ఆసుపత్రిలో దిమ్మ బొంగరమై కుర్చీల్ని పడగొడుతూ ఉంటుంది. ఇంకో చుట్టు. ఇంకో చుట్టు. కూడలిలో పోలీసు కూడా లెక్కపెట్టడం మానేశాడు.

"ఇక చాల్లే అమ్మాయ్, నాకే కళ్ళు తిరుగుతున్నాయి" అంటుంది అత్తగారు.

"ఒక్కటే అత్తయ్యా. ఇంకొక్క చుట్టు."